హాలు దొరికింది, మరి అనుమతులు? చిన్న నాటక సమాజాలకు మైకు నుంచి విందు దాకా

విజయవాడలోనో గుంటూరులోనో ఏడాదికి రెండు మూడు ప్రదర్శనలు వేసుకునే సమాజాల వాళ్ళు ఎప్పుడూ అడిగేవి రెండు ప్రశ్నలే. హాలుకు డబ్బు కట్టేశాం, ఇంకా ఎవరి సంతకాలు కావాలి? నాటకం అయ్యాక దాతలకు విందు ఇస్తున్నాం, అందులో మందు పెట్టొచ్చా? రెండో ప్రశ్నను గొంతు తగ్గించి, అదీ ప్రదర్శనకు రెండు రోజుల ముందు అడుగుతారు. అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు. నెల రోజుల ముందు మొదలుపెడితే మాత్రం ఈ పనులన్నీ ఒక కార్యదర్శి, ఒక ఫైలుతో అయిపోతాయి.

ఏ అర్జీ అయినా మూడు విషయాల మీద నిలబడుతుంది: ఎక్కడ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎవరి బాధ్యత మీద. ఈ మూడూ ప్రతి కాగితంలో ఒకేలా ఉండాలి. హాలు రసీదులో ఒక సమయం, పోలీసు అర్జీలో ఇంకో సమయం, ఆహ్వాన పత్రికలో మూడో సమయం ఉండటమే అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- సొసైటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నకళ్ళు ఆరు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో రిజిస్టర్ చేయించుకుంటారు. ఇంకా చేయించుకోకపోతే ఈ ప్రదర్శనకు ఒక వ్యక్తి పేరు మీదే అర్జీలు పెట్టుకోండి, రిజిస్ట్రేషన్ పని తర్వాత చూడండి.
- రిజిస్ట్రార్‌కు చివరిసారి ఇచ్చిన కార్యవర్గం జాబితా. ఎన్నికలై కొత్త కార్యదర్శి వచ్చినా పాత జాబితానే ఫైలులో ఉండిపోవడం మామూలు. అలాంటప్పుడు కొత్తాయన సంతకానికి ఆధారం ఉండదు.
- ప్రదర్శన తేదీ, చోటు, బాధ్యుడి పేరుతో కార్యవర్గ తీర్మానం. మినిట్స్ పుస్తకంలో రాసి, నకలు తీసి, సీలు వేయాలి.
- సమాజం పాన్, సంతకం చేసేవాళ్ళ ఆధార్ నకళ్ళు.
- నాటక సారాంశం అర పేజీ, నిడివితో సహా.

1. ముందు గడియారం

హాలు కోసం పరుగెత్తే ముందు ఒక తెల్లకాగితం మీద ఆ రోజు సమయాలు రాయండి. నాటిక గంటే కావచ్చు. కానీ జ్యోతి ప్రజ్వలన, వక్తలు, సన్మానాలు కలిస్తే ఇంకో గంటన్నర అవుతుంది. ఇవి లెక్కలోకి తీసుకోకుండా ‘6 నుంచి 8’ అని రాస్తారు, 8:40కి ఇంకా శాలువాలు కప్పుతూ ఉంటారు.

ఉదాహరణకు ఇలా వేసుకోండి: మైకు పరీక్ష 4:00, సభ 6:00, మొదటి తెర 7:10, విరామం పదిహేను నిమిషాలు, చివరి తెర 9:15, హాలు ఖాళీ 10:30. అర్జీలో సాయంత్రం 4 నుంచి రాత్రి 10 దాకా అని రాయండి. మైకు పరీక్ష సమయం కూడా అనుమతిలో ఉండాలి. చుట్టుపక్కల వాళ్ళకు కోపం వచ్చేది ఎక్కువగా అప్పుడే.

2. హాలు

విజయవాడలో తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం నగరపాలక సంస్థది. ఇలాంటి హాళ్ళలో అద్దె, డిపాజిట్, నియమాలు అన్నీ కాగితం మీద ఉంటాయి. ఆ నియమాల కాగితం అడిగి తీసుకుని చదవండి. ప్రైవేటు హాలు, కాలేజీ ఆడిటోరియం, గుడికి అనుబంధంగా ఉన్న కళావేదిక అయితే నోటిమాట మీద వదలకండి. తేదీ, గంటలు, ఏసీ, జనరేటర్, క్యాంటీన్‌కు చోటు, సెట్టు కోసం మేకులు కొట్టడానికి అనుమతి ఉందో లేదో, ఇవన్నీ ఒక లేఖలో రాయించుకోండి.

సెట్టు దింపే సమయం అద్దె గంటల్లోకి వస్తుందా అని అడగడం మరిచిపోవద్దు. ఎన్నికల కోడ్ అమలులో ఉంటే హాలు బుకింగు రద్దయ్యే అవకాశం ఉందా అని కూడా అడగండి. కోడ్ రోజుల్లో ప్రజాప్రతినిధులను ముఖ్య అతిథులుగా వేయకుండా ఉంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

3. రచన ఎవరిది?

రచయిత బతికి ఉంటే ఆయన దగ్గర, లేకపోతే వారసుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఫోన్లో ‘వేసుకోండి బాబూ’ అన్నది కాగితం కిందికి రాదు. ఎన్ని ప్రదర్శనలకు, టికెట్ ఉందా లేదా, వీడియో తీసి పెట్టొచ్చా అన్నవి ఆ లేఖలో ఉండాలి.

రచయిత పోయిన తరువాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. ఇద్దరు కలిసి రాస్తే చివర పోయినవాళ్ళ నుంచి లెక్క. తిరుపతి వేంకట కవుల్లో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు 1950లో పోయారు కాబట్టి ఆ జంట రాసిన ఉద్యోగ విజయాల మీద హక్కు 2010తో ముగిసింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు 1953లో పోయారు, ఆయన హరిశ్చంద్ర మీద హక్కు 2013తో పోయింది. పాత పద్య నాటకాలకు ఎవరినీ అడగనక్కర్లేదన్నది అందుకే. అయితే ఒక జాగ్రత్త: ఈ మధ్య ఎవరైనా కుదించి, మాటలు మార్చి రాసిన ప్రతి మీద ఆ కొత్త మార్పుల హక్కు వాళ్ళది. మూలం పట్టుకుని మీరే కుదించుకుంటే ఈ గొడవ ఉండదు.

టికెట్ లేకుండా, ఔత్సాహిక సమాజం ఉచితంగా వేసే ప్రదర్శనకు 1957 కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. ఒక్క రూపాయి టికెట్ పెట్టినా ఆ మినహాయింపు మీద ఆధారపడకండి. నేపథ్యంలో సినిమా పాట రికార్డు వేస్తే అది ఇంకో లెక్క. పాట రచనకు, బాణీకి ఐపీఆర్ఎస్ (పాటల రచయితల, స్వరకర్తల హక్కులు చూసే సంస్థ) దగ్గర, రికార్డుకు దాని హక్కుదారు దగ్గర లైసెన్సు ఉంటుంది. హార్మోనియం, తబలా పెట్టుకుని సొంత సంగీతం చేసుకుంటే డబ్బూ మిగులుతుంది, నాటకమూ బాగుంటుంది.

కథను ముందుగా పోలీసులకు చూపించి ఆమోదం పొందాలన్న భయం ఇంకా కొందరిలో ఉంది. దానికి మూలమైన 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టాన్ని పార్లమెంటు రద్దు చేసింది. అయినా స్టేషన్లో ‘కథేమిటి’ అని అడిగితే ఆ అర పేజీ సారాంశం ఇచ్చేయండి. వాదన పెట్టుకోవడం వల్ల ఒరిగేది లేదు.

4. పోలీసు, మైకు

ఇక్కడే ఎక్కువమంది తప్పు గుమ్మం తొక్కుతారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం మైకు అనుమతి ఇచ్చే అధికారి డీఎస్పీ స్థాయికి తగ్గకూడదు. అంటే విజయవాడ కమిషనరేట్ పరిధిలో ఏసీపీ స్థాయి, గుంటూరులో డీఎస్పీ స్థాయి. స్టేషన్లో ఎస్సై గారు ‘సరే, పెట్టుకోండి’ అన్నా అది అనుమతి కాదు. స్టేషన్ నుంచి పైకి వెళ్ళేది రిపోర్టు మాత్రమే.

క్రమం ఇది:

క) అర్జీ రెండు ప్రతులు తయారు చేసి, హాలు లేఖ, తీర్మానం, సర్టిఫికెట్, ఆధార్ జతచేయండి. ప్రదర్శనకు పదిహేను రోజుల ముందు ఆ అధికారి కార్యాలయంలో ఇవ్వండి.

ఖ) హాలు ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందో హాలు మేనేజర్‌నే అడగండి. రోడ్డుకు ఇటు ఒక స్టేషన్, అటు ఒకటి ఉన్న చోట్లు చాలా ఉన్నాయి.

గ) రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర అర్జీ ముట్టిందని చెబుతుంది, అంతే. అనుమతి వచ్చిందని కాదు.

ఘ) నాలుగైదు రోజుల తరువాత వెళ్ళి కనుక్కోండి. రుసుము కట్టమంటే వాళ్ళు చెప్పిన పద్ధతిలోనే కట్టి రసీదు తీసుకోండి.

అర్జీ ఇంత చిన్నగా ఉంటే చాలు:

*విషయం: తేది ____ న ____ హాలులో నాటక ప్రదర్శనకు, మైకు వాడకానికి అనుమతి కోరుతూ.*
*అయ్యా, మా సమాజం (రిజిస్ట్రేషన్ నం. ____) పైన తెలిపిన తేదీన సాయంత్రం 4 నుంచి రాత్రి 10 గంటల వరకు ____ అనే నాటకం ప్రదర్శించదలచింది. సుమారు ____ మంది ప్రేక్షకులు వస్తారు. హాలు లోపల ____ స్పీకర్లు మాత్రమే వాడతాము, బయట హారన్లు పెట్టము. కార్యక్రమ బాధ్యత నాది. అనుమతి ఇప్పించగలరు. పేరు, హోదా, ఫోన్, సంతకం, సీలు.*

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు నిషేధం. తలుపులు మూసిన ఆడిటోరియంలో, లోపలివాళ్ళకు మాత్రమే వినపడేలా వాడుకోవడానికి వెసులుబాటు ఉంది. కానీ ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసమని వరండాలో ఒక బాక్సు పెడితే ఆ వెసులుబాటు పోయినట్టే. శివరాత్రికో తిరునాళ్ళకో తెల్లవార్లూ పద్య నాటకం వేసేవాళ్ళకు ఇది కష్టంగా ఉంటుంది, నిజమే. సాంస్కృతిక, మతపరమైన సందర్భాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 10 నుంచి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. మీ తేదీ ఆ రోజుల్లో ఉందో లేదో ముందే కనుక్కోవాలి. ఉన్నా ఆ సడలింపు 12తో సరి. అందుకే పద్య నాటకాన్ని ఎంచిన రంగాలతో సాయంత్రం 5కే మొదలుపెట్టుకోవడం మంచిది.

శబ్దం ఎంత ఉండాలి? పగటిపూట, అంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా, నివాస ప్రాంతంలో పరిమితి 55 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతంలో 65. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద మండలం, అక్కడ 50. మైకు వాడే చోటు హద్దు దగ్గర ఈ పరిమితికి 10 ఎక్కువ, లేదా 75, రెండింటిలో ఏది తక్కువైతే అది దాటకూడదు. అంటే నివాస ప్రాంతంలో ప్రహరీ దగ్గర 65. మైకు పరీక్ష అప్పుడు ఒకరు ఫోన్లో శబ్దం కొలిచే యాప్ పెట్టుకుని గేటు దగ్గర నిలబడి చూడాలి. ఫోన్ లెక్క కచ్చితం కాదు కాబట్టి 60 చూపిస్తుండగానే తగ్గించమనండి.

అనుమతి చేతికి రాగానే అక్కడే నిలబడి నాలుగు చూడండి: తేదీ, గంటలు, హాలు పేరు, సంతకంతో పాటు సీలు. తేదీ తప్పు పడితే మళ్ళీ దిద్దించడానికి ఇంకో రోజు పోతుంది.

5. మైదానంలో వేస్తే

పందిరి వేస్తే అగ్నిమాపక శాఖ దగ్గర నిరభ్యంతర పత్రం, కరెంటుకు సీపీడీసీఎల్ దగ్గర తాత్కాలిక కనెక్షన్ కావాలి. స్తంభం మీద కొక్కెం వేయడం నేరం, అంతకంటే ముందు ప్రాణానికి ముప్పు. బయటికి వెళ్ళే దారులు కనీసం రెండు, ఎదురెదురుగా ఉండాలి, వాటికి అడ్డంగా కుర్చీలు వేయకూడదు. స్టేజీ రెండు వైపులా ఒక్కో అగ్నిమాపక సిలిండరు, ఇసుక బకెట్లు పెట్టండి. సిలిండరు మీటరులో ముల్లు పచ్చరంగులో ఉందో లేదో చూడండి. తెరలకు దగ్గరగా హారతి, కాగడా వెలిగించే దృశ్యం ఉంటే ఒక మనిషి తడి గోనెసంచితో పక్కనే ఉండాలి. హాలులో వేసినా ఈ మాట వర్తిస్తుంది.

6. టికెట్లు, పాసులు, బ్యానర్లు

నాటక ప్రదర్శనకు మనిషికి రూ.500 దాకా ప్రవేశ రుసుము మీద జీఎస్టీ లేదు. 501 అయితే ఆ మొత్తం మీద పన్ను పరిధిలోకి వస్తుంది. రూ.1,000 పాసు ఇద్దరికి ఇస్తున్నట్టయితే దాని మీద ‘ఇద్దరికి’ అని అచ్చు వేయండి. లేకపోతే చూసేవాళ్ళకు అది ఒక మనిషికి వెయ్యి టికెట్టే.

సేవల మీద ఏడాది మొత్తం రాబడి రూ.20 లక్షలు దాటకపోతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ 20 లక్షల లెక్కలో పన్ను లేని టికెట్ల డబ్బు కూడా కలుస్తుంది. ఇది తెలియక తప్పు లెక్క వేసుకునేవాళ్ళు చాలామంది.

దాతల పేర్ల విషయం కూడా చూసుకోండి. ‘ఫలానా వారి సౌజన్యంతో’ అని కృతజ్ఞతగా పేరు రాస్తే అది విరాళం. దుకాణం ఫోన్ నంబరు, సరుకుల బొమ్మలు, ‘రండి కొనండి’ అని వేస్తే అది ప్రకటన, దానికి పన్ను లెక్క వేరు. ఈ తేడాను 2019 అక్టోబరులో వచ్చిన సర్క్యులర్ స్పష్టం చేసింది. మద్యం కంపెనీ పేరుతో బ్యానరు మాత్రం ఎవరు ఎంత ఇస్తామన్నా వద్దు.

7. టీ, టిఫిన్

విరామంలో టీ, పునుగులు మీరే అమ్మడం కంటే ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఉన్న క్యాటరర్‌కు అప్పగించండి. 14 అంకెల నంబరు బిల్లు మీద ఉంటుంది, చూసుకోండి. గ్యాస్ పొయ్యి హాలు బయటే వెలిగించాలి.

8. విందులో మందు

అమెరికాలో ఉన్న పిల్లలో బంధువులో అక్కడి చిన్న థియేటర్లు విరామంలో వైను గ్లాసులు అమ్మి ఖర్చులు రాబట్టుకుంటాయని చెప్పే ఉంటారు. నిజమే. లాభాపేక్ష లేని సంస్థలకు తాత్కాలిక లైసెన్సులు ఇచ్చే రాష్ట్రాలు అక్కడ చాలా ఉన్నాయి. మన దగ్గర కూడా మద్యం రాష్ట్రాల చేతిలోని విషయమే. కానీ ఇక్కడి ఎక్సైజ్ నియమాల కింద లైసెన్సులు దుకాణాలకు, బార్లకు, క్లబ్బులకు ఉన్నాయి గానీ నాటక సమాజం పేరిట ఒకటి లేదు. సొసైటీగా రిజిస్టర్ అయ్యాం కదా అని మినహాయింపేమీ రాదు. బీరు, వైను కూడా మద్యమే. కల్లు కూడా ఎక్సైజ్ పరిధిలోదే.

అందుకని నియమం ఒకటి పెట్టుకోండి: ప్రదర్శన జరిగే ప్రాంగణంలో, మేకప్ గదితో సహా, సీసా తెరవకూడదు. మునిసిపల్ హాలు, కాలేజీ, గుడి కళావేదికల సంగతి చెప్పనే అక్కర్లేదు, డిపాజిట్ పోవడంతో ఆగదు. ప్రేక్షకుల్లో పిల్లలు, ఆడవాళ్ళు ఉంటారు. మన సమాజాన్ని నమ్మి కుటుంబంతో వస్తారు. ఆ నమ్మకం పోతే మళ్ళీ హాలు నిండదు.

విందు వేరే చోట, వేరే సమయంలో పెట్టుకుంటే రెండు దారులున్నాయి.

మొదటిది, సులువైనది: బార్ లైసెన్సు ఉన్న హోటల్లో విందు. మీరు విడిగా అనుమతి తీసుకోనక్కర్లేదు. కానీ ఒక మెలిక ఉంది. లైసెన్సు హోటలంతటికీ ఉండదు, ప్లానులో చూపించిన భాగానికే ఉంటుంది. పై అంతస్తులో ఉన్న బ్యాంక్వెట్ హాలు, డాబా మీది ఖాళీ స్థలం అందులో లేకపోవచ్చు. ‘మీరు మాకిచ్చే హాలు మీ బార్ లైసెన్సులోకి వస్తుందా, కాగితం చూపిస్తారా’ అని అడగండి. జవాబు తడబడితే ఇంకో హోటలు చూసుకోండి.

రెండోది: ప్రైవేటు ఫంక్షన్ హాలు, తోట లాంటి చోట ఒక రోజు ఈవెంట్ పర్మిట్. ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ శాఖ జిల్లా అధికారి కార్యాలయంలో అడగాలి. చోటు యజమాని సమ్మతి లేఖ, తేదీ, గంటలు, అతిథుల సంఖ్య, బాధ్యుడి గుర్తింపు కాగితం సిద్ధంగా పెట్టుకుని పది రోజుల ముందు వెళ్ళండి. రుసుము ఎంతో ఆ రోజు ఆఫీసులో చెప్పిందే లెక్క. పోయినేడు ఎవరో కట్టిన మొత్తాన్ని నమ్ముకుని బడ్జెట్ వేయకండి. పర్మిట్‌లో రాసిన చోటు, గంటలు దాటితే పర్మిట్ లేనట్టే.

జాగ్రత్తలు:

- సీసాలు ఆంధ్రప్రదేశ్‌లోని లైసెన్సు దుకాణంలోనే కొని బిల్లు దగ్గర ఉంచుకోండి. హైదరాబాద్ నుంచి వచ్చే మిత్రుడు కారులో తెచ్చిన పెట్టె కేసుకు దారి తీస్తుంది. పర్మిట్ ఉన్నా అది కాపాడదు.
- విందు పాసు ధరలో కలిపి ‘మందు ఉచితం’ అనడం డబ్బు తీసుకుని పోసినట్టే అవుతుంది. కూపన్లు, విరాళం రసీదులు ఇదే కోవలోవి.
- 21 ఏళ్ళు నిండనివాళ్ళకు ఇవ్వకూడదు. సమాజంలో 19, 20 ఏళ్ళ కుర్రాళ్ళు ఉంటారు. వేషాలు వేశారు కదా అని వదిలేయకండి.
- జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో వద్దు. పోలింగు ముగియడానికి ముందు 48 గంటలు, ఓట్ల లెక్కింపు రోజు కూడా నిషేధమే. ఎన్నికల తేదీలు ప్రకటించగానే మీ తేదీతో సరిచూసుకోండి.
- సమాజం నిధులు, ప్రభుత్వ గ్రాంటు ఇందులో ఒక్క రూపాయి కూడా వాడకండి. ఖర్చు ఎవరిదో వాళ్ళే నేరుగా హోటలుకు కట్టాలి. ఆడిట్‌లో ‘అతిథి మర్యాదలు’ అని రాసి దాచే ప్రయత్నం ఎప్పటికైనా బయటపడుతుంది, దాతలు దూరమవుతారు.
- మద్యం జీఎస్టీ కిందికి రాదు, రాష్ట్ర పన్ను వేరుగా ఉంటుంది. హోటల్ బిల్లులో భోజనం, మద్యం విడివిడిగా ఉన్నాయా చూడండి. రెండింటినీ కలిపి జీఎస్టీ వేసి ఉంటే బిల్లు మార్పించండి.
- తాగినవాళ్ళు బండి తోలకూడదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే చాలు, మొదటిసారికే రూ.10,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. విందుకు పిలిచినవాళ్ళే తిరుగు ప్రయాణానికి ఆటోనో వ్యానో మాట్లాడాలి.

ఇవన్నీ చదివాక చాలా సమాజాలు మందు లేకుండా మంచి భోజనం పెట్టి ఊరుకుంటాయి. మా సలహా కూడా అదే. అరిటాకులో గోంగూర, పెసరపప్పు, పూర్ణాలు పెట్టిన విందుకు ఏ పర్మిటూ అక్కర్లేదు.

రంగస్థలం మీద తాగుబోతు పాత్ర ఉంటే సీసాలో పల్చటి టీ డికాక్షన్ పోయండి. పైన లేబుల్ పూర్తిగా గీకేయండి. వీడియోలో కంపెనీ పేరు కనబడితే అది ప్రకటనలా కనిపిస్తుంది. సీసా ప్లాస్టిక్‌ది వాడితే చేయి జారినా కాళ్ళు తెగవు.

9. ప్రదర్శన రోజు

అసలు అనుమతులు ఒక ఫైలులో, నకళ్ళు ఇంకో ఫైలులో పెట్టండి. నకళ్ళ ఫైలు గేటు దగ్గరున్న వాలంటీరుకు ఇవ్వండి. పోలీసులు వస్తే చూపించేది అతనే. వేషం కట్టిన కార్యదర్శి కిరీటంతో బయటికి రావాల్సిన పరిస్థితి ఉండకూడదు. అనుమతిలో పేరున్న బాధ్యుడు ఆ రోజు నటించకుండా ఉంటే ఇంకా మంచిది.

3:30కి తలుపుల గడియలన్నీ తీసి చూడండి, తాళాలు వేసి ఉంటే తీయించండి. 9:30కి మైకు అతనికి ఒకసారి, 9:50కి ఇంకోసారి టైము గుర్తు చేసే మనిషిని పెట్టండి. సన్మానాలు సాగుతుంటే మిగిలిన శాలువాలు తెర వేశాక లోపల కప్పొచ్చు.

వెళ్ళేముందు హాలు ఎలక్ట్రీషియన్‌తో కలిసి లైట్లు, స్విచ్చులు, కుర్చీలు చూసి, ఏ నష్టమూ లేదని రసీదు వెనక రాయించుకోండి. డిపాజిట్ తిరిగి రావడానికి ఆ సంతకమే ఆధారం.